బీజింగ్‌లో పెట్టిన సంతకం మన ఊరి దాకా ఎలా వచ్చింది?

సైటులో స్కాఫోల్డింగ్ మీద నుంచి పడి కాలో చెయ్యో పోగొట్టుకున్న మనిషి ఇంటికి బయలుదేరే రోజున క్యాంపు గదిలో ఎవరి నోటా మాట రాదు. తలా కొంత పోగు చేసి చేతిలో పెడతాం. 'పాపం, ఇక ఇతని బతుకు ఇంతే' అని లోపల అనుకుంటాం. ఆ మాట ఎందుకు తప్పో తెలుసుకోవాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు మన దేశంలో వికలాంగుల సంగతి అంటే దానధర్మాల సంగతే. మన రాజ్యాంగం కూడా 'వికలాంగులకు, పని చేయలేని వారికి సహాయం' అన్న అంశాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. అక్కడ ఉన్న మాట సహాయం, హక్కు కాదు. ఇస్తే పుచ్చుకోవాలి, ఇవ్వకపోతే అడగడానికి లేదు.

ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా జరిపింది. 1983 నుంచి 1992 వరకు ఒక దశాబ్దమే ప్రకటించింది. పదేళ్ళు గడిచినా మన ఆసియాలో జరగాల్సింది కొండంత మిగిలిపోయింది. అప్పుడు ఈ ప్రాంతపు ప్రభుత్వాలు ఒక్కటై, మనకు మనమే ఇంకో దశాబ్దం పెట్టుకుందాం అనుకున్నాయి. బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ ఆర్థిక సామాజిక సంఘం ఇందుకు పూనుకుంది. 1992 డిసెంబర్ 1 నుంచి 5 వరకు చైనా రాజధాని బీజింగ్‌లో సమావేశం జరిగింది. 1993 నుంచి 2002 వరకు ఆసియా పసిఫిక్ వికలాంగుల దశాబ్దం అక్కడే మొదలైంది. వికలాంగులు అన్నిటిలోనూ పాలుపంచుకోవాలి, అందరితో సమానంగా ఉండాలి అన్న ప్రకటనను సమావేశం ఆమోదించింది. భారతదేశం దాని మీద సంతకం చేసింది.

ఇలాంటి ప్రకటనలు ఎన్ని చూడలేదు, కాగితాలేగా అని మీరు అనవచ్చు. కానీ ఈ కాగితం ఒక తాళం తీసింది. వికలాంగుల సహాయం రాష్ట్రాల అంశం కాబట్టి దేశమంతటికీ ఒకే చట్టం తేవడానికి ఢిల్లీకి దారి కావాలి. ఇతర దేశాలతో కుదిరిన ఒప్పందాన్ని, అంతర్జాతీయ సమావేశంలో తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేయడానికి ఏ అంశం మీదైనా పార్లమెంటు చట్టం చేయవచ్చని రాజ్యాంగంలో 253వ అధికరణం ఉంది. బీజింగ్ సంతకం ఆ దారి చూపించింది. 1995 చట్టం మొదటి పేజీలోనే బీజింగ్ ప్రకటనను అమలు చేయడానికి ఈ చట్టం అని రాసి ఉంది.

అయితే సంతకం దానంతట అదే చట్టంగా మారలేదు. మూడేళ్ళు పట్టింది. 1995 డిసెంబర్‌లో జావేద్ అబిది వంటి నాయకులతో వికలాంగులే ఢిల్లీ వీధుల్లోకి వచ్చి గట్టిగా అడిగారు. అబిది స్వయంగా చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. ఆ నెలలోనే పార్లమెంటు బిల్లును ఆమోదించింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతం వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది.

పనివాళ్ళు గుర్తుంచుకోవాల్సినది ఆ చట్టంలోని 47వ సెక్షన్. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం చేస్తూ వికలాంగుడైన మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పని ఇవ్వాలి. విధి నిర్వహణలో గాయపడి కాలు పోగొట్టుకున్న స్పెషల్ సర్వీస్ బ్యూరో కానిస్టేబుల్‌ను ఉద్యోగం నుంచి తొలగిస్తే, 2003లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌తోనే ఆయనకు న్యాయం చేసింది.

ప్రభుత్వాల కలయిక బీజింగ్‌తో ఆగలేదు. 2002లో జపాన్‌లోని ఒత్సులో, 2012లో కొరియాలోని ఇంచియాన్‌లో, 2022లో జకార్తాలో మళ్ళీ కలిసి మాట ఇచ్చాయి. ఇప్పుడు నడుస్తున్న దశాబ్దం 2032 దాకా ఉంది. ఈలోగా 2006 డిసెంబర్ 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం వచ్చింది. 2007లో భారత్ దాన్ని ఆమోదించింది. దానికి తగినట్టు 2016లో కొత్త చట్టం చేసింది. ఏడు రకాల వైకల్యాలు 21 అయ్యాయి, రిజర్వేషన్ 4 శాతం అయింది. ఉద్యోగం నుంచి తీసేయకూడదన్న రక్షణ కొత్త చట్టంలోనూ ఉంది.

మనం పనిచేసే ఈ గల్ఫ్ దేశాలు ఆరూ 2008, 2013 మధ్య అదే ఒప్పందంలో చేరాయి. అయినా ఇక్కడి భత్యాలు ఎక్కువగా ఇక్కడి పౌరులకే. ఇక్కడి కంపెనీలో దెబ్బ తగిలిన మనకు 47వ సెక్షనూ వర్తించదు. లేని ఆశ పెట్టి లాభం లేదు. కానీ ఇంటికి చేరాక మన చట్టం మనదే. దెబ్బ ఏ దేశంలో తగిలిందని అది అడగదు, వైకల్యం ఎంత అనే అడుగుతుంది. మనవాళ్ళు సదరం సర్టిఫికెట్ అని పిలుచుకునే కాగితానికీ అదే 40 శాతం లెక్క. అందుకే బయలుదేరే ముందు ఆస్పత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ రిపోర్టులు అన్నీ పెట్టెలో పెట్టుకోమని చెప్పండి.

ఈసారి అలాంటి తమ్ముడిని సాగనంపేటప్పుడు పోగు చేసిన డబ్బుతో పాటు ఈ సంగతీ చెప్పి పంపండి. ఊళ్ళో ఆఫీసు గుమ్మం ముందు అతను అడగబోయేది ఎవరి దయా కాదు, తన హక్కు.