విలీన పత్రంలో లేని వరుస సంఖ్య

సూరత్ నుంచి తూర్పుగా వెళ్లి ముంబయి–అహ్మదాబాద్ జాతీయ రహదారిని అందుకునే చోట ఉంది కడోదరా. మగ్గాల చప్పుడు రాత్రింబవళ్లు ఆగని ఊరు. సూరత్ పరిసరాల్లోని మగ్గాలను నమ్ముకుని తెలంగాణ పద్మశాలి కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్ స్థానం పోలింగే లేకుండా ఏకగ్రీవమైంది. ఆ వేసవిలో అటు వెళ్లిన నన్ను కడోదరాలో ఒక తెలుగు మేస్త్రీ రాజకీయాల గురించి ఒక్క మాటా అడగలేదు.

"మావోడు రెండు వందల గంటలు ఎగిరిండు సార్. లైసెన్సు ఒచ్చింది. ఇగ నౌకరి ఎందుకు రాదు? కంపెనీలేమో ఒకదాంట్ల ఒకటి కలుస్తున్నయంటున్రు. రేపు నౌకరి దొరికినా మావోని నంబరు యాడుంటది?"

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు చాలు. కానీ చట్టం పెట్టిన కనిష్ఠం వేరు, కంపెనీ గుమ్మం ఎత్తు వేరు. నిర్దిష్ట విమాన రకంపై శిక్షణ, పరీక్షలు, ఆనాటి ఖాళీలు కలిసి ఆ ఎత్తును నిర్ణయిస్తాయి. అమెరికాలో 2009 ఫిబ్రవరిలో కోల్గన్ ఎయిర్ విమానం బఫెలో వద్ద కూలి 50 మంది మరణించాక, కో–పైలట్‌కు సైతం సాధారణంగా 1,500 గంటలు ఉండాలన్న నిబంధన 2013లో అమల్లోకి వచ్చింది. ఆ విమానం నడిపిన ఇద్దరికీ అంతకు మించిన అనుభవమే ఉందన్నది వేరే సంగతి. ప్రభుత్వాలకు గంటలు లెక్కించడం ఇష్టం. అవి అంకెలు కనుక.

మేస్త్రీ రెండో ప్రశ్న అంత తేలికైనది కాదు. సీనియారిటీ జాబితాలో వరుస సంఖ్యే పైలట్ ఆస్తి. కో–పైలట్ కమాండర్ ఎప్పుడవుతాడు, పెద్ద విమానం ఎవరికి, ఉద్యోగాల కోత వస్తే ముందు వెళ్లేదెవరు అన్నవన్నీ చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. కంపెనీ మారితే ఆ ఆస్తి వెంట రాదు. మళ్లీ అడుగు నుంచే మొదలు. మరి కంపెనీయే మారిపోతే?

ఈ ప్రశ్న హైదరాబాదుకు కొత్తది కాదు. 1945లో బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. నిజాం ప్రభుత్వం ప్రధాన వాటాదారు, టాటాలు భాగస్వాములు. యుద్ధం ముగియగానే మిగులు డకోటా విమానాలు చౌకగా దొరికాయి, లైసెన్సులు ధారాళంగా దొరికాయి, కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ప్రయాణికులు మాత్రం అంతమంది లేరు. 1950లో రాజాధ్యక్ష కమిటీ కంపెనీల సంఖ్య తగ్గించాలని చెప్పింది. నెహ్రూ ప్రభుత్వం ఇంకో అడుగు వేసి జాతీయీకరణకే సిద్ధపడింది.

ఈ డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనే ప్రేమ్ మాథుర్ ఉద్యోగం సంపాదించారు. స్త్రీ అన్న కారణంతో ఇతర కంపెనీలు తిరస్కరించిన ఆమెకు హైదరాబాదు గుమ్మం తెరుచుకుంది. దేశంలో వాణిజ్య విమాన సంస్థలో చేరిన తొలి మహిళా పైలట్‌గా చరిత్ర ఆమెను గుర్తించింది. 1949లో జాతీయ ఎయిర్ రేస్ సైతం గెలిచారు. కావలసిన గంటలు పూర్తిచేశాక కమాండ్ అడిగితే మాత్రం కంపెనీ ఇవ్వలేదు. ఆమె ఢిల్లీ వెళ్లి జి.డి. బిర్లా సొంత విమానం నడిపారు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. చేరడానికి ఒక గుమ్మం, ఎదగడానికి మరో గుమ్మం. రెండోది నిబంధనల పుస్తకంలో కనిపించదు.

1953 ఆగస్టు 1న ఎనిమిది దేశీయ కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌గా మారాయి. డెక్కన్ అందులో ఒకటి. జగ్జీవన్ రామ్ మంత్రిగా ఉండగా వచ్చిన ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం యజమానులకు నష్టపరిహారం లెక్కకట్టే సూత్రాలను ఒక షెడ్యూలులో పొందుపరచింది. ఉద్యోగుల విషయంలో, 1952 జూలై 1కి ముందు నుంచి ఉన్నవారు అవే షరతులతో కార్పొరేషన్ ఉద్యోగులవుతారంది. ఉద్యోగం భద్రమే, సంతోషం. బేగంపేట కో–పైలట్ కలకత్తా కో–పైలట్‌కు ముందా, వెనకా? ఆ లెక్కకు షెడ్యూలు లేదు.

ఇదే ఖాళీని మనం వారసత్వంగా మోసుకొచ్చాం. చిన్న పట్టణాల కోసం 1981లో మొదలైన వాయుదూత్‌ను 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. అది చిన్న ముచ్చట. అసలు మంట 2007లో రాజుకుంది. ప్రఫుల్ పటేల్ మంత్రిగా ఉండగా ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటయ్యాయి. విమానాలు, అప్పులు ఒకే పద్దులోకి చేరాయి. పైలట్లు మాత్రం రెండు సంఘాలుగా, రెండు జీతాలుగా, రెండు వరుసలుగా మిగిలారు. 2011లో సమాన వేతనం కోరుతూ పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు పది రోజులు సమ్మె చేశారు. అప్పుడు గానీ జస్టిస్ ధర్మాధికారి కమిటీ రాలేదు. పెళ్లయిన నాలుగేళ్లకు జాతకాలు చూపించుకున్నట్టు. కమిటీ నివేదిక 2012 జనవరిలో అందింది. నాలుగు నెలలు తిరక్కుండా ఈసారి పాత ఎయిర్ ఇండియా పైలట్లు సమ్మెకు దిగారు. కొత్త డ్రీమ్‌లైనర్‌పై శిక్షణ అవతలివారికి ఇస్తే తమ పదోన్నతి వెనక్కు పోతుందన్నది వారి వాదన. 58 రోజులు సాగిన ఆ సమ్మెలో వందమందికి పైగా ఉద్యోగాలు కోల్పోయారు. అప్పటి మంత్రి అజిత్ సింగ్ సమ్మెనే తప్పుపట్టారు. పైలట్ల మొండితనం నిజమే. కానీ ఇరుపక్షాలూ అడిగింది విలీనం రోజునే రాసి ఉండవలసిన ఒక జాబితా.

యాదృచ్ఛికమో ఏమో, అదే 2007లో అమెరికా కాంగ్రెస్ ఈ విషయమై చట్టం చేసింది. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏను మింగినప్పుడు, అక్కడి ఉద్యోగులు అనేకులు జాబితా అట్టడుక్కి జారిపోయారు. ఆ గాయం నుంచి మెక్‌కాస్కిల్–బాండ్ చట్టం పుట్టింది: రెండు సంస్థలు కలిసినప్పుడు సీనియారిటీని న్యాయంగా, సమంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్లాలి. తగాదాలు అక్కడా ఆగలేదు. అయితే తగాదాకు ఒక వేదిక ఉంది.

మన దగ్గర యజమాని ప్రభుత్వమే అయినన్నాళ్లూ మౌనానికి ఒక సాకు ఉండేది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది. మేస్త్రీ నన్ను ప్రశ్నించిన 2024 వేసవిలోనే విస్తారా పైలట్ల కొరతతో విమానాలు రద్దుచేసుకుంది. విలీనానికి ముందు వచ్చిన కొత్త ఒప్పందంలో హామీ వేతనాన్ని 70 గంటలకు బదులు 40 గంటలకే లెక్కకట్టడం అసంతృప్తికి ప్రధాన కారణం. ఆ వెంటే సీనియారిటీ, పదవీ విరమణ వయసుల్లో తేడా చర్చకు వచ్చాయి. నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది.

ఆ మరుసటి నెలలోనే పార్లమెంటు 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్‌ను ఆమోదించింది. 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. విమానాల రూపకల్పన నుంచి నిర్వహణ దాకా అందులో ప్రస్తావన ఉంది. విలీనమయ్యే సంస్థల్లో పైలట్ల వరుస గురించి మాత్రం 1953లో లేని వాక్యం అందులోనూ లేదు.