ల్యాప్‌టాప్ వైఫై మాడ్యూల్: రకం ఆమోదం
విజయవాడ పటమటలో రిపేరుకొచ్చిన ల్యాప్‌టాప్ అడుగుమూత విప్పితే, తపాలా బిళ్ళంత వైఫై కార్డు (మాడ్యూల్), దానికి తగిలించిన సన్నని యాంటెన్నా తీగలు కనిపిస్తాయి. మన దేశంలో 2400–2483.5 మెగాహెర్ట్జ్ పట్టీని 2005లో, 5 గిగాహెర్ట్జ్ పరిధిలో 605 మెగాహెర్ట్జ్‌ను 2018లో లైసెన్సు నుంచి మినహాయించారు. లైసెన్సే అక్కర్లేనప్పుడు ఆమోదమెందుకన్న ప్రశ్న సహజమే. అయితే ఆ మినహాయింపు శక్తి పరిమితి దాటని, రకం ఆమోదం పొందిన పరికరాలకే వర్తిస్తుంది. ఆ ఆమోదాన్నే ఈటీఏ అంటారు. ఇచ్చేది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. విద్యుత్ భద్రతకు ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదు వేరు, ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు. రేడియో ఉన్నది కార్డులోనే గనుక దాన్నొక్కసారి పరీక్షిస్తే చాలు, ప్రతి ల్యాప్‌టాప్ నమూనానూ పరీక్షించడం దండగ అనే వాదనలో బలముంది. కానీ తరంగాన్ని వెదజల్లేది కార్డు కాదు, చాలా నమూనాల్లో తెర అంచున దాగిన యాంటెన్నా. అందుకే అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే మాడ్యూల్ ఆమోదం కూడా యాంటెన్నా రకానికీ, దాని గెయిన్‌కూ (తరంగాన్ని ఒక దిశలో కేంద్రీకరించే స్థాయికి) కట్టుబడే ఉంటుంది.