దీపావళి నాడు వేసిన మావు

కొల్లేట్లో సాయంత్రం చేపలు పట్టే మావులు వేసి, తెల్లారి దోనె మీద వెళ్లి ఎత్తుతారు. రాత్రంతా చేప లోపలే తిరుగుతుంటుంది. చిక్కిన సంగతి దానికి తెలీదు. నీళ్లు అవే నీళ్లాయె! ఏలూరు వాణ్ని కాబట్టేమో, హైదరాబాద్ మహేశ్ బ్యాంకు కేసు చదివితే నాకు ముందు ఆ రాత్రే గుర్తొచ్చింది.

2021 నవంబరు 4, దీపావళి. ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉద్యోగులకు మెయిళ్లు వచ్చాయి. మళ్లీ 10న, మళ్లీ 16న. మొత్తం రెండు వందలకు పైనే. రోజూ వచ్చేవాటిలాగే ఉండి ఉంటాయి, లేకపోతే ఎవరు తెరుస్తారు? ఊహించుకోండి: పక్కన చల్లారిపోతున్న టీ, కౌంటర్ ముందు "ఇంకా ఎంతసేపండీ?" అంటున్న ఖాతాదారు. ఒక క్లిక్కు. తెర మీద ఏమీ మారలేదు. పోలీసులు తర్వాత తేల్చిన లెక్క ప్రకారం అలా తెరిచింది ఇద్దరే.

ఆ ఇద్దరి కంప్యూటర్లలో దూరింది రిమోట్ యాక్సెస్ ట్రోజన్. దొంగ ఎక్కడో కూర్చుని ఆ కంప్యూటర్‌ని తన సొంతంలా నడుపుకోవచ్చు. చెల్లుబాటయ్యే లైసెన్సున్న ఫైర్‌వాల్ కూడా బ్యాంకుకు లేదు. చేప రెండు నెలలకు పైగా హాయిగా ఈదింది.

2022 జనవరి నాలుగో వారాంతం. సెలవు. అప్పుడు మావు ఎత్తారు. ముందే సిద్ధం చేసుకున్న కొన్ని ఖాతాల్లో నిల్వలు పెంచేసి, అక్కణ్నుంచి వేరే బ్యాంకుల్లోని 115 ఖాతాలకు, వాటి నుంచి మరికొన్ని వందల ఖాతాలకు మళ్లించారు. దేశమంతటా 938 ఏటీఎంల నుంచి నోట్లు తీసుకున్నారు. పోయింది 12.48 కోట్లు.

మనకేం బ్యాంకుందా అని ఆకివీడు రొయ్యల వ్యాపారి, తాడేపల్లిగూడెం ఉల్లి కమీషన్ కొట్టాయన అనుకోవచ్చు. వాళ్లకొచ్చే మెయిల్ తీరే వేరు: "మా ఖాతా మారింది, ఈసారి డబ్బు కొత్తదానికి వెయ్యండి." పేరు చూస్తే పాత పార్టీదే. పేరు మీద నొక్కి అసలు చిరునామా చూస్తే, ఇంగ్లీషు 'ఎమ్' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుని ఉంటాయి. తప్పుల తడక ఇంగ్లీషైతే దొంగ మెయిలని వెనకటికి గుర్తుపట్టేవాళ్లం. ఇప్పుడు కృత్రిమ మేధ దొంగలకూ చక్కగా రాసిపెడుతోంది, ఆ గుర్తు కాస్తా పోయింది. అందుకే డబ్బు, పాస్‌వర్డ్, తొందర, వీటిలో ఏ మాట కనబడ్డా నేను ఫోన్ తీస్తాను. మెయిల్లో ఇచ్చిన నంబరు ముట్టుకోను, నా పాత డైరీలో ఉన్న నంబరుకే చేస్తాను. "ఏమండీ, ఖాతా మార్చారా?" అని అడగడానికి అర నిమిషం చాలు. ఒకవేళ డబ్బు వెళ్లిపోతే సిగ్గుపడుతూ కూర్చోకండి, ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఖాతాలు దాటకముందే ఆపాలి మరి.

మహేశ్ బ్యాంకు దర్యాప్తు వివరాలను అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ 2022 మార్చి 30న బయటపెట్టారు. ఆ తర్వాతి ఏడాది రిజర్వ్ బ్యాంకు, సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.