గజఈత

ఈతలో ఆరితేరినవానిని మన భాషలో గజఈతగాడు అందురు. ఏనుగునకు చేపవంటి నునుపైన ఆకృతి లేదు. అది వేగముగా ఈదదు. కాని మహాకాయమును నీటి కప్పగించి, తొండము పైకెత్తి ఊపిరి పీల్చుచు, తొట్రుపాటు లేక చాలదూరము సాగిపోవును. మేటి ఈతగానిని తీర్చునది దేహమా, మనస్సా అను ప్రశ్నకు సగము సమాధానము ఈ యొక్క మాటలోనే యున్నది.

గోదావరి మండలమున ఈత వినోదముగా మొదలు కాలేదు. అది బ్రతుకుతెరువు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట వలన డెల్టా యంతట కాలువలు వ్యాపించెను. అవి పొలములకు నీటిని, పడవలకు బాటను ఇచ్చెను. రాజమహేంద్రవరమున 1900లో రైలు వంతెన ఏర్పడువరకు ఆవలి గట్టునకు పోవలెనన్న పడవయే శరణ్యము. పడవవారికి, పల్లెకారులకు, లంక రైతులకు ఈత రానిదే పని సాగదు. పిల్లలు నడుమునకు మునగబెండ్లో, ఎండిన సొరబుర్రలో కట్టుకొని, అరటిబోదె పట్టుకొని చెరువులలో కాళ్లాడించి నేర్చుకొనిరి. ఏరు వారికి నేర్పిన పాఠములు మూడు: వరవడికి ఎదురీదక ఏటవాలుగా గట్టు చేరవలెను, సుడిలో పెనుగులాడరాదు, అలసినచో వెల్లకిల తేలి ఊపిరి నిలుపుకొనవలెను. 1953, 1986 సంవత్సరముల మహావరదల వంటివి చూచిన సీమలో ఈ పాఠముల విలువ వేరుగ చెప్ప నక్కరలేదు.

ఇక దేహము సంగతి చూతము. నీరు గాలికన్న సుమారు 800 రెట్లు సాంద్రమైనది. ఈదువాని వేగము రెట్టింపైనచో నీటి నిరోధము ఇంచుమించు నాలుగు రెట్లగును. కనుక ఎంతటి కండబలమునకైనను, నీటిని చీల్చుకొనిపోవు ఒడుపు తోడు కావలెను. పొడవైన మొండెము, వెడల్పైన భుజములు, దీర్ఘమైన చేతులు, తెడ్డువలె వంగు చీలమండలు కొలనులో పందెమాడువారికి వరములు. అమెరికా దేశీయుడగు మైకేల్ ఫెల్ప్స్ ఎత్తు 193 సెంటీమీటర్లు. అతడు చేతులు బారచాచిన కొలత 201. 2004 మొదలు 2016 వరకు ఒలింపిక్ క్రీడలలో అతడు గెలిచిన పతకములు 28. అందు స్వర్ణములు 23. అయినను 2008లో బీజింగున, 200 మీటర్ల సీతాకోకచిలుక ఈతలో, కంటి అద్దములలోనికి నీరు చేరి చూపు మరుగుపడగా, అతడు బారలు లెక్కించుకొనుచు గోడ నందుకొని ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అప్పుడు అక్కరకు వచ్చినది, వేలమారులు సాధన చేసి మనస్సున నాటుకొనిన లెక్క.

కొలను దాటి సముద్రమున దిగినచో కొలతలే మారును. అచ్చట చర్మము క్రింది కొవ్వు దేహమును తేల్చును, వెచ్చదనమును కాపాడును. దూరపు ఈతలో స్త్రీలు పురుషులకు దీటుగా నిలుచుటకు ఇదియొక కారణము. 1958లో మిహిర్ సేన్ ఇంగ్లీషు చానెల్ ఈది, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యెను. మరుసటి యేట ఆరతీ సాహా ఆగస్టులో విఫలయై, సెప్టెంబరు 29న మరల దిగి, ఆసియా స్త్రీలలో మొదటిదిగా ఆవలి తీరము చేరెను. నెల తిరుగగనే ఆ చలినీటిలో మరల దిగుటకు కావలసిన శక్తిని ఏ కొలబద్దయు కొలువలేదు.

మన సీమ నుండియే ఇంకొక నిదర్శనము కలదు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు నలుబదియేండ్లు దాటిన పిమ్మట, నీటి భయమును జయించుటకై ఈత నేర్చిరి. 2021 మార్చి 19న శ్రీలంక తీరమునుండి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదిరి. ఏబదియేండ్లు దాటిన పిదప, 2024 డిసెంబరు చివర విశాఖపట్టణమున బయలుదేరి, రోజునకు కొంత చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదట కాకినాడ తీరము చేరిరి. బాల్యపు సాధన లేదు. పందెపు వయస్సు లేదు. ఉప్పునీరు, ఎండ, కెరటము, జెల్లిచేపలు ఎదురైనను తరువాతి బారను గూర్చియే తలచు నిబ్బరమే ఆమె బలము. ఆమెది నిజముగా గజఈత.

వంతెనలు వచ్చినవి, కాలువలలో పడవలు తగ్గినవి, కుళాయిలు ఇంటింట వెలసినవి. వాటితో ఈత నేర్పు రేవులును వెనుకబడినవి. ఫలితముగా నీటి నడుమ పుట్టినవారే నీటికి పరాయివారగుచున్నారు. సెలవులలో స్నానమునకు దిగిన పడుచువారు మునిగిపోయిన వార్త వచ్చినపుడెల్ల ఈ నష్టము లెక్కకు వచ్చుచున్నది. పొడవైన చేతులు కొందరికే దక్కును. సుడిలో బెదరని మనస్సును, వెల్లకిల తేలు నేర్పును ప్రతి బిడ్డకు ఇయ్యవచ్చును. ఊరి పెద్దలు తోడుండగా, లోతెరిగిన చెరువులో, సొరబుర్ర కట్టి వానిని దింపినచో చాలును. ఆ పిల్లలలో ఒకరు రేపు సముద్రము నీదవచ్చును. తక్కిన వారందరు క్షేమముగా గట్టెక్కుదురు.