జాప్యమే సాధనమైన వైనము

ఒక తరమువారిని బాధించిన దోషము మరియొక తరమువారి చేతిలో గుణముగా మారుట శాస్త్ర చరిత్రలో అరుదు కాదు. తంతి వెంట విద్యుత్తు ప్రయాణించుటకు కొంత కాలము పట్టుట అట్టి దోషములలో నొకటి. 1858 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్ర గర్భమున పరచిన మొదటి టెలిగ్రాఫు కేబిలు ద్వారా విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు 98 మాటల సందేశము పంపెను. అది ఆవలి తీరమునకు చేరుటకు 16 గంటలు పట్టెను. ఈ తీరమున స్ఫుటముగా బయలుదేరిన సంకేతము ఆ తీరమున అలుకుకొనిపోయి చేరుచుండెను. ఈ లోపమును బలముతో జయింపనెంచి వైల్డ్‌మన్ వైట్‌హౌస్ సుమారు 2000 వోల్టులు ప్రయోగించెను. అంతకు ముందే దుర్బలముగా నున్న కేబిలు కొద్ది వారములలో మూగవోయెను. బలము చాలదు, తంతి స్వభావము నెరుగవలెను అను పాఠము ఎంతో వ్యయముతో నేర్చినట్లయ్యెను.

ఆ స్వభావమును గణితమున బంధించినవాడు ఆలివర్ హెవిసైడ్. కళాశాల గడప తొక్కని ఈ ఆంగ్లేయుడు యౌవనమున టెలిగ్రాఫు ఉద్యోగిగా పనిచేసెను. తంతి నీరు పోయు గొట్టము వంటిది కాదనియు, అలలు నడచు కాలువ వంటిదనియు ఆయన సమీకరణములు తెలిపినవి. తంతి కొసను దానికి సరిపడు నిరోధము లేనిచో, వచ్చిన అలలో కొంత గట్టును తాకిన నీటివలె వెనుకకు మరలును. తంతి గుణములను తగు పాళ్ళలో అమర్చినచో సంకేతపు ఆకృతి చెడదని 1887లో ఆయన నిరూపించెను.

ఇచ్చటనే ఆలోచన మలుపు తిరిగినది. అల తంతిలో నడచు కాలము నిశ్చితమైనచో, ఆ తంతియే కాలమానము కాగలదు. పాలిథీన్ తొడుగుగల కేబిలులో అల ఒక నానోసెకనులో, అనగా సెకనులో నూరు కోట్లవ వంతులో, సుమారు 20 సెంటీమీటర్లు నడచును. 10 మీటర్ల కేబిలును విద్యుత్తుతో నింపి, సరిపడు నిరోధమునకు హఠాత్తుగా కలిపినచో, అల ఆ కొసకు పోయి మరలి వచ్చువరకు, అనగా 100 నానోసెకన్లు, సమమైన విద్యుత్ స్పందము వెలువడి వెంటనే ఆగిపోవును. గడియారము చేయలేని పనిని కొలబద్ద చేయును. కాని ఈ పద్ధతిలో ఒక కొరత కలదు. నింపిన వోల్టేజిలో సగమే బయటికి వచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధమున ఈ కొరత పెద్ద అడ్డంకియైనది. 1940లో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ అను శాస్త్రజ్ఞులు నిర్మించిన మాగ్నెట్రాన్ రేడారునకు ప్రాణము వంటిది. దానికి వేల వోల్టులు ఒక మైక్రోసెకను మాత్రమే అందవలెను. ఎక్కువసేపు అందినచో దగ్గరనున్న లక్ష్యములు వేరువేరుగా కానరావు. ఏలయన రేడియో తరంగము మైక్రోసెకనులో 300 మీటర్లు పోవును.

ఈ చిక్కు విప్పినవాడు లండనులో 1903లో జన్మించిన ఆలన్ బ్లూమ్‌లైన్. ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేయుచు, 1931లోనే స్టీరియో ధ్వనికి పేటెంటు కోరిన ఇంజనీరు ఆయన. 1941లో ఆయన రెండు తంతులను జతపరచి, వాటి నడుమ నిరోధము నుంచెను. రెండును సమముగా నిండియున్నంతవరకు, తాడు లాగు పందెములో రెండు జట్లు సమబలముతో నిలిచినట్లు, నడుమ ఏమియు జరుగదు. ఒక తంతి కొసను స్విచ్చితో కలిపివేసినచో, అందులోని అల తలక్రిందులై మరలివచ్చును. అది ఒక జట్టు పక్షము మార్చి ఎదుటివారితో కూడి లాగుట వంటిది. అప్పుడు నింపిన వోల్టేజి సగము గాక పూర్తిగా లభించును.

మరుసటి సంవత్సరము జూన్ 7వ తేదీన, విమానమునుండి నేలను చూపు హెచ్‌టూఎస్ రేడారును పరీక్షించుచున్న హాలిఫాక్స్ విమానము హెర్‌ఫర్డ్‌షైరులోని వెల్ష్ బిక్నర్ వద్ద మంటలలో కూలెను. అందలి 11 మందియు మరణించిరి. వారిలో బ్లూమ్‌లైన్ ఒకడు. వయస్సు 38, పేటెంట్లు 128. యుద్ధ రహస్యము కావున ఆయన కృషికి తగిన ప్రశంస అప్పుడు బహిరంగముగా వెలువడలేదు. సహచరుల చితిపై ఆరని ఆ పని మాత్రము సాగి, 1943 జనవరిలో హెచ్‌టూఎస్ యుద్ధరంగమున ప్రవేశించెను.

శాంతికాలమున ఆయన పేరు ఒక వస్తువు పేరై నిలిచినది. 1960వ దశకమున ఇంగ్లండులోని ఆల్డర్‌మాస్టన్‌లో జె.సి.మార్టిన్ బృందము నూనెతోను, శుద్ధజలముతోను నింపిన బ్లూమ్‌లైన్లను నిర్మించి, క్షణమాత్రమున తీవ్రమైన ఎక్సు కిరణములు పుట్టించెను. నీటిలో అల వేగము శూన్యములోని వేగమున తొమ్మిదవ వంతు మాత్రమే. గాలిలో 15 మీటర్లు కావలసిన తంతికి నీటిలో 2 మీటర్ల లోపే చాలును. జాప్యము పెరిగినకొలది పరికరము చిన్నదగును! 1858లో ఇంజనీర్లు శపించిన గుణమునే వీరు కోరి తెచ్చుకొనిరి.

మన దేశమున ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమున 1989లో పని మొదలైన కాళీ యంత్రములు ఈ మార్గమున నడచినవే. వాటిలో కాళీ-5000 సుమారు పది లక్షల వోల్టుల ఎలక్ట్రాను పుంజమును 100 నానోసెకన్లకు మించని కాలమున వెడలించునట్లు రూపొందినది. ఆ కేంద్రపు విశాఖపట్నపు శాఖలోను ఈ విద్య అభ్యసింపబడుచున్నది.

సముద్రగర్భమున మూగవోయిన కేబిలు నేర్పిన పాఠము హెవిసైడ్ కాగితముపై సమీకరణమైనది. బ్లూమ్‌లైన్ చేతిలో పరికరమైనది. నేడు ప్రయోగశాలలో ఎవరైన బ్లూమ్‌లైన్ అన్నప్పుడు, అది రెండు తంతుల జత పేరు మాత్రమే కాదు, తాను మలచిన స్పందము సత్ఫలితము చూడక మునుపే ఆకసమున రాలిపోయిన ఒక మనుష్యుని పేరు అని తలచుకొనుట ఉచితము.