పామాయిల్ తోట అడిగితే నూనె ప్యాకెట్లు ఎందుకొచ్చాయి?

ఈ ఎపిసోడ్‌లో సెర్చ్ గురించి మాట్లాడుకుందాం. సెర్చ్‌ని కాస్త సవరించాక అది బాగుపడిందో, చెడిందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకి అరవై ఏళ్లకి పైగా చరిత్ర ఉంది. అది తెలియక నేను తిన్న దెబ్బతో మొదలుపెడతా.

మాది ఖమ్మం జిల్లా వేంసూరు. బీటెక్ అయ్యాక చేరిన కంపెనీలో రైతుల కోసం ఒక నాలెడ్జ్ బేస్ తయారుచేశాం. సాగు పద్ధతులు, సబ్సిడీలు, రేషన్ వివరాలు అన్నీ అందులో వ్యాసాలుగా ఉండేవి. సెర్చ్ పని నాది. అడిగిన మాట శీర్షికలో దొరికితే ఎక్కువ మార్కులు, లోపల దొరికితే తక్కువ అని సర్దాను. పరీక్షించడానికి ఒక్కో వ్యాసం తెరిచి, చదివి, దానికి తగ్గ ప్రశ్న నేనే రాసుకున్నా. పదింట తొమ్మిదిసార్లు సరైన వ్యాసమే పైకొచ్చింది. భలే సంబరపడ్డాను.

పండక్కి ఊరెళ్తే మా బాబాయి ఫోన్ నా చేతికిచ్చాడు. "పామాయిల్ తోటకి డ్రిప్పు" అని కొట్టాడు. వచ్చినవన్నీ వంటనూనె, రేషన్ షాపు కబుర్లే. "ఇదేందిరా, తోట సంగతి అడిగితే నూనె ప్యాకెట్లు చూపిస్తాంది?" అన్నాడు. అంతకుముందే రెండుసార్లు వెతికి, సబ్సిడీ సంగతి దొరక్క, పైపులు పూర్తి ధర పెట్టి కొనేశాడట. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తప్పు ఎక్కడుంది? మా సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు రైతులు పామాయిల్ తోట అంటారు. వ్యాసాల్లో "ఆయిల్ పామ్ సాగు" అని రాసి ఉంది. నేను వ్యాసం చూసి ప్రశ్న రాశాను కాబట్టి నా ప్రశ్నల్లో వ్యాసం మాటలే ఉన్నాయి. జవాబు పత్రం చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టే కదా!

తర్వాత చదివితే తెలిసింది, ఈ తప్పు నాకన్నా ముందే పెద్దవాళ్లు చేశారని. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ విమాన విద్యా కళాశాలలో సిరిల్ క్లెవర్డన్ అనే లైబ్రేరియన్ ఉండేవారు. 1950ల చివర్లో ఆయన 18,000 పత్రాల మీద నాలుగు సూచిక పద్ధతులకు పోటీ పెట్టారు. అడిగిన ప్రశ్నలు 1,200. అయితే అవి ఆ పత్రాలను చూసి తయారుచేసినవే. విమర్శకులు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు.

క్లెవర్డన్ రెండోసారి మొదలుపెట్టారు. ఈసారి పరిశోధకులకే ఉత్తరాలు రాసి, "ఏ ప్రశ్న మీతో ఈ పరిశోధన చేయించింది?" అని అడిగారు. 1,400 పత్రాల్లో ఏవి ఏ ప్రశ్నకు పనికొస్తాయో మనుషులతో గుర్తు పెట్టించారు. 1966లో ఫలితాలు వచ్చాయి. పండితులు కష్టపడి కూర్చిన పదజాలాల కన్నా, పత్రాల్లో ఉన్న విడివిడి మామూలు మాటలే మెరుగ్గా పనిచేశాయి. ఆయనకే ఆశ్చర్యం వేసింది.

అప్పుడు వాడిన రెండు కొలతలే ఇప్పటికీ వాడుతున్నాం. పనికొచ్చే వ్యాసాలు మొత్తం 12 ఉన్నాయనుకోండి. సెర్చ్ పది చూపిస్తే అందులో ఆరు పనికొచ్చాయి. పదిలో ఆరు ప్రెసిషన్. పన్నెండులో ఆరు రీకాల్. మామూలుగా ఒకటి పెంచబోతే రెండోది తగ్గుతుంది.

నాకూ అదే జరిగింది. పామాయిల్, ఆయిల్ పామ్ ఒకటేనని చెప్పేశాను. బాబాయి వ్యాసం దొరికింది. కానీ "రేషన్‌లో పామాయిల్" అని అడిగినవాళ్లకి తోటల వ్యాసాలు రావడం మొదలైంది. అడిగిన మాటకి పూర్తి బరువు, సమానార్థానికి తక్కువ బరువు ఇచ్చాక "తోట", "రేషన్" లాంటి పక్క మాటలే దారి చూపించాయి.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. వేంసూరులో, వేంసూరుకి, వేంసూర్... అన్నీ మా ఊరే. సరే, చివర "లో" కోసేద్దాం అనుకుంటే "కిలో" కాస్తా "కి" అయిపోతుంది! 2006లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు యూరప్‌లోని క్లెఫ్ పోటీలో తెలుగు, హిందీ ప్రశ్నలతో ఇంగ్లీషు పత్రాలు వెతికి చూపించారు. 2008లో మన దేశ భాషల సెర్చ్‌ని కొలవడానికి ఫైర్ అనే వేదిక మొదలైంది.

జవాబులూ పాతబడతాయండోయ్. శబరి గోదావరిలో కలిసే కూనవరం ఏయే జిల్లాలు మారిందో చూడండి. 1959 దాకా తూర్పుగోదావరి, ఆ తర్వాత ఖమ్మం, 2014లో మళ్లీ తూర్పుగోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఒకప్పుడు సరైనదని గుర్తు పెట్టుకున్న జవాబే తర్వాత తప్పవుతుంది.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఊళ్లో వాళ్లు అడిగిన ప్రశ్నల్ని వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో రాసుకుంటాను. ఏది సవరించినా అవే ప్రశ్నలు ముందొకసారి, తర్వాత ఒకసారి నడిపి, ఏది మెరుగైంది, ఏది చెడింది అని రెండు కాలమ్స్‌లో చూస్తాను. మొదటి పేజీలో మొదటి ప్రశ్న మా బాబాయిదే. ఉంటానండి, మళ్లీ కలుద్దాం.