సద్దుల బతుకమ్మ: మన నాందేడ్ ఇండ్లల్ల ఐదు సద్దుల కథ

 ఈసారి పోస్టు కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి. ఇంట్లో అమ్మకో, అత్తకో చదివి వినిపించండి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు.

నిరుడు సద్దుల బతుకమ్మ నాడు ఆట అయిపోయాక మనమందరం వరుసలో నిలబడి పులిహోర ప్యాకెట్లు తీసుకున్నాం. క్యాటరింగ్ వంట, రుచికి వంక లేదు. ఒక పెద్దమ్మ మాత్రం ప్యాకెట్ చేతిలో పట్టుకొని, "మరి నేనెవరికి ఇయ్యాలె బిడ్డా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఆ ప్యాకెట్లు తెప్పించిన కమిటీలో నేనూ ఉన్నాను. ఈ పోస్టు ఆమెకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

బతుకమ్మ పెత్తరమాస నాడు మొదలవుతుంది. మన మరాఠీ పొరుగువాళ్లు సర్వపిత్రీ అమావాస్య అనేది అదే రోజు. పొద్దున ఇంటి పెద్దలను తలుచుకుంటాం, సాయంత్రం పూలు పేరుస్తాం. అక్కడి నుంచి తొమ్మిది రోజులు, రోజుకో పేరు. చాలా పేర్లు తిండి పేర్లే: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరోనాడు బతుకమ్మ అలుగుతుంది కనుక నైవేద్యం ఉండదు. తర్వాత బియ్యప్పిండితో వేపకాయల ఆకారంలో చేసి వేయిస్తాం. ఎనిమిదోనాడు నువ్వులు, బెల్లం కలిపిన వెన్నముద్దలు. తొమ్మిదోనాడు సద్దులు.

సద్ది అంటే మూట కట్టుకొని పోయే అన్నం. పొలానికి పోయేవాళ్లు, దూర ప్రయాణం పోయేవాళ్లు వెంట తీసుకుపోయేది. బతుకమ్మను నీళ్లలో సాగనంపే రోజు కనుక ఆమెకూ దారిబత్తెం కడతాం. చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది. ఒక్కో ఇంట్లో ఒకటి అటూ ఇటూ మారుతుంది. వీటిలో చాలావరకు పులుపుతోనో, నూనెతోనో, వేయించిన పొడితోనో కలిపినవే. వేడివేడిగా తినాల్సిన పని లేదు, చల్లారినా బాగుంటాయి. వీటితోపాటు రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కట్టిన మలీద ఉండనే ఉంటుంది.

ఇక్కడొక సంగతి మన పిల్లలకు చెప్పాలి. మన తాతల కాలంలో ఈ ప్రాంతంలో రోజూ తిన్నది జొన్నరొట్టె. బియ్యం పండుగనాటి తిండి. అలాంటి ఇంట్లో ఒకేరోజు ఐదు రకాల అన్నాలు వండారంటే, ఉన్నదంతా ఆడబిడ్డ ముందర పెట్టినట్టే.

మరి ఈ పండుగ నాందేడ్‌కు ఎట్లా వచ్చింది? మనలో కొందరి పెద్దలు మగ్గం పనికి, మిల్లు పనికి, వ్యాపారానికి వలస వచ్చారు. ఇంకొందరు ఎక్కడికీ పోలేదు, ఉన్న ఊళ్లోనే రాష్ట్రం మారింది. అప్పటిదాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే. 1956 నవంబర్ 1న రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు నాందేడ్ జిల్లాను బొంబాయి రాష్ట్రంలో కలిపారు. అయితే బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ ఇటు వచ్చాయి. 1960 మే 1న మనం మహారాష్ట్ర అయ్యాం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఇండ్లను అడగండి. అక్క అటు, చెల్లె ఇటు పడ్డ కథలు ఇంటికొకటి దొరుకుతుంది. సర్కిళ్లను లెక్కగట్టి పంచారు కానీ వియ్యాలను పంచలేకపోయారు. సద్దుల నాటికి ఆడబిడ్డ సరిహద్దు దాటి వస్తూనే ఉంది.

ఈమధ్య చైనా వాళ్ల లాంతర్ల పండుగ గురించి చదివాను. వాళ్ల మొదటి నెల పున్నమికి బియ్యప్పిండి ఉండలు ఉడికించి తింటారు, లోపల చాలాసార్లు నువ్వులు, చక్కెర ఉంటాయి. మన ఎనిమిదోనాటి ముద్దలు గుర్తొచ్చాయి. గ్వాంగ్‌డాంగ్ పల్లెల్లో ఏడాదిలో మగపిల్లవాడు పుట్టిన ఇల్లు వంశ మందిరంలో లాంతరు వేలాడదీసి, తమ వంశం వాళ్లకు విందు పెడుతుంది. వంశంలో ఎవరు కొత్తగా చేరారో ఆ లాంతరుతో, ఆ విందుతో ఊరంతటికీ తెలుస్తుంది. మన సద్దులూ అట్లాంటి లెక్కే, అయితే ఇది ఆడబిడ్డల లెక్క. పెళ్లయి ఇంటిపేరు మారినా, ఆ సాయంత్రం ఆమె ఎవరింటి బిడ్డో ఆమె చేతిలోని గిన్నె చెబుతుంది.

ఆ పెద్దమ్మ అడిగింది ఇదే. సద్ది ఎవరి ఇంట్లో వాళ్లు తినడానికి చేసేది కాదు. వాయినం ఇచ్చి పుచ్చుకోవాలి. నా నువ్వుల సద్ది నీ ఒడిలోకి, నీ పులిహోర నా గిన్నెలోకి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఈ ఊళ్లో నలుగురు తెలిసేది అక్కడే. ఎవరింట్లో కష్టముందో, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో తెలిసేదీ అక్కడే. అందరి చేతిలో ఒకే ప్యాకెట్ ఉంటే ఇచ్చేది ఏముంటుంది, అడిగేది ఏముంటుంది?

మరాఠీ ఇండ్లలోనూ ఇదే ఆశ్వయుజంలో ఆడపిల్లలు భోండలా ఆడతారు. పాటలయ్యాక మూతపెట్టిన గిన్నెలో ఏముందో కనుక్కోమంటారు. ఆ ఫలహారాన్ని ఖిరాపత్ అంటారు. మన తంగేడును వాళ్లు తరవడ్ అంటారు, గునుగును కుర్డూ అంటారు. మన పిల్లలు బడిలో మరాఠీ నేర్చుకుంటున్నారు, మంచిదే. కానీ కుర్డూ తెలిసి గునుగు తెలియకపోతే తప్పు పిల్లలది కాదు, వాళ్ల ముందు ఆ మాట అనని మనదే. తెలుగు రాయడం రాని పిల్లకు కూడా "నువ్వుల సద్ది" అనే మాట నోటికి వచ్చేది అది తిన్నప్పుడే.

కాబట్టి నా విన్నపం ఒకటే. ఈ ఏడు క్యాటరింగ్ వద్దు. ఇంటికొక సద్ది, ఏదైనా సరే, గిన్నెడు చాలు. ఉద్యోగం వల్ల వీలుకానివాళ్లు పెరుగన్నం కలిపి తెచ్చినా సద్దే. డబ్బా మీద సద్ది పేరు, మీ పుట్టింటి ఊరు పేరు తెలుగులో రాయండి. రాయడం రాకపోతే పిల్లల చేత అక్షరాలు దిద్దించి రాయించండి, మనమే నేర్పిద్దాం. వచ్చే ఆదివారం మీటింగులో ఈ మాట పెడతాను. ఒప్పుకోనివాళ్లు అక్కడే అడగండి, మాట్లాడుకుందాం.

పెద్దమ్మా, ఈసారి మీ గిన్నె తీసుకురండి. మొదటి వాయినం మా ఇంటామె పుచ్చుకుంటుంది.